జ్వరం గడియారం

పదకొండున్నరకి గోడ మీది ఎర్ర అంకె ముప్ఫై తొమ్మిది దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇంకో మూడు మెట్లు ఎక్కవే తల్లీ, నీకు పుణ్యముంటుంది," అంది రేడియో, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి రేడియో.

చొక్కాలు కుట్టే షెడ్డు అది. పైన రేకులు, లోపల పన్నెండు ఇస్త్రీ బల్లలు, మనిషికి మనిషి కనపడనంత ఆవిరి. పోయిన ఎండాకాలం ఇలాంటి షెడ్లలో జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడు కళ్ళు తెరిచిన సర్కారు షెడ్డుకొకటి చొప్పున ఆ పెట్టె బిగించి తాళం వేసింది. అంకె నలభై రెండు తాకితే సైరన్ మోగుతుంది. మోగిందా, ఎక్కడి పని అక్కడ వదిలేసి ఇళ్ళకి పోవాల్సిందే. ఆపడానికి ఓనరుకి కూడా హక్కులేదు. పనివాళ్ళు దానికి జ్వరం గడియారమని పేరు పెట్టుకున్నారు.

ఎండలు ముదిరిన కొత్తలో నాలుగు రోజులు మోగింది. తర్వాత దానికేం వచ్చిందో, మూడు వారాలుగా నోరు మెదపలేదు. బయట తారు కరిగి చెప్పులు ఊడొస్తున్నాయి. లోపల దాని లెక్క మాత్రం ముప్ఫై ఎనిమిది, మహా అయితే ముప్ఫై తొమ్మిది.

"ఓనరు దీనికి నిద్రమందు పట్టించాడు," అంది రేడియో. "లేకపోతే ఈ కొలిమిలో జ్వరం రానిది దీనికొక్కదానికేనా?"

అటుగా వెళ్తున్న ఓనరు విన్నాడు. "దానికి సర్కారు తాళముందమ్మా. నీ నోటికే ఎవరూ వెయ్యలేదు," అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వడానికి కూడా ఓపిక కావాలి కదా, తొందరగానే ఆపేశారు.

గడియారం కింద నీళ్ళ డ్రమ్ము, డ్రమ్ము పక్కన పీట మీద పెద్దమ్మ. అందరికీ నీళ్ళు అందించడం, నూలు దుమ్ము తుడవడం ఆమె పని. గంటకోసారి గుడ్డ తడుపుకుని మోకాళ్ళు పట్టుకుంటూ లేస్తుంది. ముందు కోడలి మెడ తుడుస్తుంది. తర్వాత బల్లలు. ఆఖర్న పీటెక్కి గడియారం. "అంకె కనబడొద్దటే మరి!" అంటుంది ఎవరైనా నవ్వితే.

కోడలిది నాలుగో బల్ల. ఏడో నెల. పెద్దమ్మ కొడుకు నీళ్ళ ట్యాంకరు తోలుతూ వారానికో పూట ఇంటికొస్తాడు. అత్త మంచి, వేము తీపి లేవంటారు గానీ, ఈ అత్త తన వంతు నీళ్ళు కూడా కోడలి సీసాలోనే పోసేది.

"అత్తా," అంది కోడలు, మెడ తుడుస్తుంటే కళ్ళు మూసుకుని. "ఒక్కసారి అది మోగితే బాగుణ్ణు. ఎక్కడన్నా నీడన కాసేపు పడుకుంటా."

"మోగితే రోజు పోదటే పిచ్చిదానా! ఎనభై నిండు రోజులు పడితేనే కాన్పుకి జీతంతో మూడు నెలల సెలవు. మోగిన రోజు నిండు రోజు కాదంటారు. ఇప్పటికే నాలుగు పోయాయి. ఇవాళ్టికి డెబ్బై ఎనిమిది. ఇంకెంత, రెండ్రోజులు. తర్వాత కాలు కింద పెట్టనివ్వను."

"పెట్టనివ్వవా?"

"మంచం మీదికే అన్నీ తెచ్చిపెడతా. మహారాణివి."

కోడలు నవ్వి ఇంకో చొక్కా అందుకుంది.

పన్నెండుంబావుకి ఆ చొక్కా కాలిన వాసన వచ్చింది. చూసేసరికి కోడలు బల్ల కింద ఉంది. రేడియో ఆమె ఒళ్ళు ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఒక్క చుక్క చెమట లేదు. కాలిపోతోంది.

అందరూ కోడలి దగ్గరికి పరుగెత్తారు. పెద్దమ్మ గడియారం దగ్గరికి పరుగెత్తింది. పీటెక్కి దాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపేసింది. మతి చలించిందనుకుని ఎవరో కిందికి దించారు.

నాలుగు నిమిషాలకి సైరన్ మోగింది.

"మనిషి పడ్డాక మోగుతావుటే, ముదనష్టపుదానా!" అంటూ గుండెలు బాదుకుంది రేడియో.

డ్రమ్ములో నీళ్ళన్నీ కుమ్మరించారు. ఆసుపత్రి బండి వచ్చేలోపే కోడలి ఊపిరి ఆగిపోయింది. పెద్దమ్మ ఒక చెయ్యి కోడలి కడుపు మీద పెట్టి కూర్చుంది. రెండో చెయ్యి పిడికిలి బిగించి గుండెకి ఆనించుకుంది. లోపలి కదలిక కూడా ఆగాకే కడుపు మీది చెయ్యి తీసింది.

పక్క వీధిలోనే ఆఫీసు కాబట్టి ఆ పెట్టెలు చూసుకునే సర్కారు ఇన్‌స్పెక్టరు ఇద్దరు పోలీసులతో వెంటనే వచ్చాడు. అప్పటికే ఓనరు చొక్కా చిరిగి ఉంది, పెదవి చిట్లి ఉంది.

"నా పిల్లల మీద ఒట్టు. నేను దాన్ని ముట్టుకోలేదు," అని ఏడుస్తున్నాడు.

"ముట్టుకోకుండానే మూడు వారాలు నిద్రపోయిందా?" అని పనివాళ్ళు మళ్ళీ మీద పడ్డారు.

ఇన్‌స్పెక్టరు తాళం చూశాడు, సీలు చూశాడు, పెట్టె దించి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యంత్రం నిక్షేపంలా ఉంది," అన్నాడు. "వేడి పసిగట్టేది వెనకున్న ఈ గుండీయంత ముక్క. ఇదీ బాగానే ఉంది. ఇన్నాళ్ళూ ఎందుకు మోగలేదో అంతుపట్టడం లేదు."

"అతనికి బేడీలు వెయ్యండి, అంతుపడుతుంది!" అంది రేడియో. పోలీసులిద్దరూ ఓనరు రెక్కలు పట్టుకున్నారు.

ఇన్‌స్పెక్టరు పెద్దమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. "పొద్దస్తమానం దీని కిందే ఉంటావు కదా పెద్దమ్మా. నీకు తెలియకుండా ఏదీ జరగదు. దీని వెనక ఎవరైనా చెయ్యి పెట్టడం చూశావా?"

పెద్దమ్మ ఆ చెయ్యి గుండెకి ఇంకా గట్టిగా అదుముకుంది. మూడు వారాలుగా గంటకోసారి తడిపి ఆ గుండీ ముక్క మీద తను దోపుతూ వచ్చిన గుడ్డపేలిక, ఆమె పిడికిట్లో ఇంకా తడారలేదు.