పసుపు కండె

“కదలొద్దు మామా!” అంటూ దేవసేన పసుపు నూలు కండెను మొగుడి కంటి పక్కన పెట్టింది.

మగ్గం మీద నుంచి లేపి మరీ అతన్ని వాకిట్లోకి లాక్కొచ్చింది. రంగు పోల్చాలంటే ఎండలోనే చూడాలి.

“నేనేమన్నా చీరంచునా, పోల్చేదానికి?” నాగలింగం నవ్వాడు. “నొప్పి లేదు, జొరం లేదు. కామెర్లయితే తిరుత్తణిలో పసరు పోస్తారు. పైగా చిక్కినాక పెండ్లికొడుకు మాదిరి ఉండానంట!”

“మీ నాయన గూడా నొప్పి లేదనే పసరు తాగతా కూర్చున్నాడు. కడుపులో పాంక్రియాస్ గ్రంథికి గడ్డని డాక్టరు చెప్పేసరికి ఆలస్యమైపోయె. బీడీలు గూడా ఆయన మాదిరే కాలుస్తావు.”

“ఆయనకొస్తే నాకూ వస్తాదా?”

“రాలేదని స్కానులో చెప్పనీ. పసరు నేనే పోస్తా, గ్లాసు నిండా!”

నాగలింగం కండె లాక్కుని, బండి అద్దంలోకి వంగి, కంటి పక్కన తానే పెట్టుకున్నాడు. రంగు కలవకపోతే నేసిన చీరనైనా పక్కన పడేసే మనిషి. చాలాసేపు చూశాడు.

“అదే రంగు” అన్నాడు మెల్లగా.

కండెతో పాటు జేబులోని బీడీ కట్ట కూడా ఆమె చేతిలో పెట్టాడు.

“బండెక్కు. తిరువళ్లూరు ఆస్పత్రికి పోదాం.”