లోపం లేదు

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే సర్దుకుని చదువుకోండి. ఈ కాస్త రాయడానికి నాకు పది రోజులు పట్టింది, మీకు అంతసేపు పట్టదు.

ఆ పెద్దాయన వరసగా నాలుగో రోజు కూడా బస్సెక్కాడు.

సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

డ్రైవరమ్మ అద్దంలోంచి చూసింది. నలిగిన చొక్కా, చంకలో గొడుగు. చూపు మాత్రం ఆమె కుడిపాదం మీదే.

"అన్నా, మళ్ళీ వచ్చాడు," అంది కండక్టరుతో.

"నీ బండి మీద మనసుపడ్డాడు చెల్లెమ్మా. చివరిదాకా పోతాడు, మళ్ళీ ఇదే బండిలో వెనక్కొస్తాడు. ఇంట్లో ఆవిడ పోరు పడలేకేమో."

ఆమెకు నవ్వు రాలేదు.

డిపోకు కొత్త బస్సులు నలభై వచ్చి రెండు నెలలైంది. ఆమెకిచ్చింది అందులో ఒకటి. కొండరోడ్డు దిగుడులో ఒక్కోసారి దాని బ్రేకు పట్టు తప్పేది. ఎంత తొక్కినా, ఆగాల్సిన చోటు దాటి నాలుగు గజాలు పోయి ఆగేది.

మూడుసార్లు ఫిర్యాదు పుస్తకంలో రాసింది. మూడుసార్లూ బండిని షెడ్డుకు తీసుకెళ్ళి చూశారు. మూడుసార్లూ హెడ్డాఫీసు నుంచి ఒకటే కాగితం వచ్చింది. 'లోపం లేదు.'

మూడోసారి డిపో మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు.

"నీకింకా ఉద్యోగం పర్మనెంటు కాలేదమ్మా. మంచి బండి మీద లేనిపోని పుకార్లు పుట్టిస్తున్నావని పైవాళ్ళు గుర్రుగా ఉన్నారు. ఇంకొక్కటి రాశావంటే నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఇంట్లో మంచాన పడ్డ అత్త, బడికెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు. సంపాదన ఆమె ఒక్కదానిదే.

ఆమె మరి రాయలేదు. దిగుడు వచ్చినప్పుడల్లా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, నత్తలా దిగడం నేర్చుకుంది.

ఐదో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. బండి కిటకిటలాడుతోంది. దిగుడు దగ్గర పడుతుండగా పెద్దాయన ముందుకు వంగాడు.

"అమ్మా, ఈ బ్రేకు ఎప్పుడూ ఇంతేనా?"

"మీకెవరు చెప్పారు?"

"మీ కాలే చెప్పింది. స్టాపు ఇంకా అల్లంత దూరం ఉండగానే తొక్కి చూసుకుంటున్నారు."

నెలరోజులుగా కడుపులో దాచుకున్నది. ఇక నోరు ఆగలేదు.

"జనం నిండితే ఇంతే. ఖాళీగా ఉంటే బుద్ధిగా చెప్పినట్టు వింటుంది."

"ఖాళీగా ఉంటే వింటుందా?"

"షెడ్డుకు ఏ బండైనా ఖాళీగానే కదండీ పోయేది. పైన చల్లటి గదిలో కూర్చుని లోపం లేదని సంతకం గీకుతాడే, ఆ మహానుభావుడు ఈ రద్దీలో ఒక్కసారి ఎక్కితే తెలిసేది."

"నిజమే," అన్నాడాయన.

జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"ఇప్పుడు చెప్పింది రెండు ముక్కలు రాసి, సంతకం పెట్టి ఇస్తారా?"

ఆమె అనుమానం రూఢి అయిపోయింది. నాలుగో ఫిర్యాదు. తన చేత్తోనే రాయించి, తన ఉద్యోగం ఊడబీకడానికి పైవాళ్ళు పంపిన మనిషి.

పక్క స్టాపులో బండి ఆపేసింది.

"దిగండి."

"అమ్మా, నా మాట..."

"ఐదు రోజుల నుంచి చూస్తున్నాను. నా పిల్లల నోటి దగ్గర కూడు లాక్కుంటే మీకేం ఒరుగుతుంది? దిగుతారా, పోలీసుల్ని పిలవమంటారా?"

బస్సంతా ఆయన వైపు తిరిగింది.

"ఈ వయసులో ఆడమనిషి వెనక నిలబడి ఏంటయ్యా ఈ వేషాలు?" అన్నాడెవరో.

పెద్దాయన మెట్టు మీద గొడుగు విప్పుకుంటూ, "దిగుడు మెల్లగా దిగండమ్మా," అని వానలోకి దిగిపోయాడు.

మర్నాడు కొత్త బస్సులు నలభై డిపోలోంచి కదల్లేదు. పైనుంచి ఉత్తర్వు. ఊరు ఊరంతా స్టాపుల్లో నిలబడి తిట్టిపోసింది.

ఆ వారమే ఇసుక బస్తాలు తెచ్చి బస్సుల నిండా కూర్చోబెట్టారు.

"తోసుకోని ప్రయాణికుల్ని ఇన్నేళ్ళకు చూశాను," అన్నాడు కండక్టరు.

ఆ బరువుతో కొండరోడ్డు దింపితే, నలభైలో ముప్పై ఒక్క బస్సులు ఆగాల్సిన చోట గీసిన గీత దాటిపోయాయి.

బ్రేకులన్నీ మార్చేసరికి నెల పట్టింది. ఆ నెలాఖరుకే ఆమెకు పర్మనెంటు కాగితం వచ్చింది. డిపో మేనేజరు స్వయంగా చేతికిచ్చాడు.

"ఆ బండ్లు ఆపించిందెవరు సార్? వెళ్ళి ఒక దణ్ణం పెట్టుకుని వస్తాను."

"హెడ్డాఫీసులో సీనియర్ ఇంజనీరింగ్ మేనేజరు. రుజువేదని పైవాళ్ళు అడిగితే, రుజువు దొరికేదాకా ఆగితే మనుషులు పోతారని చెప్పి, తన సంతకం మీదే ఆపేశాడు. దణ్ణం పెడదామన్నా ఇప్పుడక్కడ లేడు. మొన్ననే ఇంటికి పంపేశారు."

"అదేంటి సార్? అంత మేలు చేస్తే?"

"తప్పంతా తన నెత్తికి తనే చుట్టుకున్నాడు. ఇదిగో, ఆనాటి ఉత్తర్వు. నువ్వే చదువు."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి చదువుకుంది. బండ్ల నంబర్లన్నీ అయ్యాక, అడుగున చేత్తో రాసిన నాలుగు వరుసలు ఉన్నాయి.

'ఈ బండ్లకు లోపం లేదని మూడుసార్లు సంతకం పెట్టింది నేనే. ఖాళీ బండిని చూసి రాశాను, తప్పు పూర్తిగా నాది. ఆ డ్రైవరు మొదటి నుంచీ నిజమే రాసింది. నిన్న సాయంత్రం నడుస్తున్న బండిలో ఆమెను మాటల్లో పెట్టాను కనుక, వానలో నన్ను దింపేయడం కూడా ఆమె చేసిన సరైన పనే.'

— పలకమ్మ (మా వీధి పిల్లలు పెట్టిన పేరు), డెబ్బై రెండేళ్ళు. ఇప్పుడు చిన్న కూతురి దగ్గర, మేడ మీద గదిలో ఉంటున్నాను.