రెండో హీరో

2022 జూలైలో ఒక గురువారం, ఉదయం పదిన్నరకు, బీదర్‌లోని ఒక చర్చి ఆవరణలో షైనీ ఒక మనిషిని గదిలో కూర్చోబెట్టి బయట గడియ పెట్టింది.

అతని పేరు ఆమెకు తెలియదు.

షైనీకి ఇరవై ఏళ్లు. బీకాం చదువుతోంది. ఆ రోజు పెళ్లికూతురు ఆమె అక్క హేబ్సిబా.

హేబ్సిబా నర్సు. వయసు ముప్పై రెండు. అంతకుముందు రెండు సంబంధాలు పెళ్లి దాకా వచ్చి తప్పిపోయాయి. రెండోది చర్చిలో పెళ్లి ప్రకటన చదివాక తప్పింది. ఆ తర్వాత చాలా నెలలు ఆమె చర్చికి రాలేదు.

ఈ సంబంధం హైదరాబాద్‌ది. అబ్బాయి జాన్సన్. గచ్చిబౌలిలో ఉద్యోగం. మాట్లాడుకున్న నెలకే పెళ్లి పెట్టుకున్నారు.

షైనీ ఫోన్‌లో కొరియా సీరియళ్లు చూస్తుంది, తెలుగు మాటలతో వచ్చేవి. డేటింగ్ షోలు కూడా చూస్తుంది. చూసి ఊరుకోదు, ఎవరు ఎవరిని చేసుకోవాలో తీర్పు చెబుతుంది. ఇంట్లో ఆ తీర్పులు వినేది హేబ్సిబా ఒక్కతే.

ఆ మనిషి గేటు దగ్గర కనిపించాడు. వాన పడుతోంది. అతని దగ్గర గొడుగు లేదు.

“పెండ్లి షురూ అయ్యిందా అమ్మా?”

“ఇంక లేదు. మీరు ఎవరి తరఫు?”

అతను ఫోన్ తీసి చూపించాడు. అందులో పెళ్లి కార్డు. హేబ్సిబా ఫొటో వరకు పెద్దది చేసి ఉంది.

“ఈమేనా పెండ్లిపిల్ల?”

“మా అక్కనే.”

“నాకు నిన్ననే తెల్సింది. తెల్లారంగనే బస్సెక్కిన. ఈ పెండ్లి కావొద్దమ్మా. అయ్యగారిని కల్వాలె.”

అయ్యగారంటే పాస్టరు. షైనీ అతని తడిసిన చొక్కా వైపు చూసింది.

“నువ్వొచ్చినట్టు అక్కకు తెల్సా?”

“తెల్వదు. నేనెవరో గూడ ఆమెకు తెల్వదు.”

“అనుకున్న. రెండో హీరోలందరు గింతే.”

“ఏం హీరో?”

“కొరియా సీరియళ్లల్ల అన్నా. మొదటోడు పొగరుబోతు. రెండోడు మంచోడు. గొడుగు పడ్తడు, జ్వరమొస్తే గంజి కాసుకొస్తడు. పిల్ల మాత్రం మొదటోనికే. నేను ఆఖరి దాంక రెండోని కోసమే ఏడుస్త. కానీ పెండ్లి రోజు వచ్చి లొల్లి వెట్టిండనుకో, నాకు నచ్చడు.”

“నేను గవి చూడనమ్మా.”

“చూడకుంటనే గిట్ల చేస్తున్నవ్. చూస్తే ఇంకేం చేస్తుంటివో.”

“గది కాదు. నా మాట ఇను.”

“చెప్పు.”

అతను పెద్దవాళ్ల కోసం చుట్టూ చూశాడు.

“పెండ్లిగాని పిల్లవు. నీకు చెప్పే ముచ్చట కాదు. పెద్దోళ్లకే చెప్పాలె.”

“డేటింగ్ షోలల్ల గూడ గిదే కథ. జంట కుదిరినంక ఆఖరి వారం ఒకడు దిగుతడు. ఇద్దర్ని చెడగొట్టి పోతడు. నేను గా షో చూసుడే బంద్ పెట్టిన. నిజంగ మంచి కోరేటోడైతే ఊకుంటడన్నా.”

“మంచి కోరే వచ్చినమ్మా.”

చర్చి గంట మోగింది. అతను తలుపు వైపు కదిలాడు. షైనీ అడ్డం నిలబడింది.

“అయ్యగారు లోపల లేరు. సండే స్కూల్ రూంల ఉన్నరు. రా, చూపిస్త.”

అతను నమ్మాడు. గది ముందు చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు. ఆమె గడియ పెట్టింది.

వానకు కరెంటు పోయింది. జనరేటర్ ఆ గది గోడ పక్కనే ఉంది. అతను తలుపు కొట్టాడు, అరిచాడు. ఎవరికీ వినిపించలేదు.

చర్చిలో పాస్టరు మైకులో అడిగారు.

“ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి.”

హేబ్సిబా కళ్లు మూసుకుంది. షైనీ వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. ఎవరూ లేవలేదు.

అబ్బాయి తరఫు విందు హైదరాబాద్‌లో, సాయంత్రం. మధ్యాహ్నమే కారు సిద్ధమైంది. ఎక్కే ముందు హేబ్సిబా చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

“ఈసారి ఏం గాలే, చూసినవా?”

“ఏం గాదని నేను జెప్పలే?”

“ఇగ నీ తీర్పులు ఎవలింటరే?”

“నువ్వే ఇంటవ్. ఫోన్ చేస్త.”

కారు గేటు దాటింది.

షైనీ ఒక ప్లేటులో బగారన్నం, మటన్ పెట్టించుకుని వెళ్లి గడియ తీసింది. అతను పిల్లల బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అరచేతులు ఎర్రగా ఉన్నాయి.

“అయిపోయిందా?”

“అయిపోయిందన్నా. కారు గూడ పోయింది. తిను.”

అతను ప్లేటు అందుకోలేదు.

“గడియ పెట్టినందుకు తిట్టు, పడ్త. కానీ నువ్వు మంచోనివి. నీకు గూడ మంచి పిల్ల దొర్కుతది.”

“నాకు పెండ్లయ్యింది. ఇద్దరు పిల్లలు.”

షైనీ ప్లేటు బెంచీ మీద పెట్టింది.

“మరి మా అక్కకు నువ్వేమైతవ్?”

“మీ అక్కకు నేనేం కానమ్మా.”

అతని పేరు సమూయేలు. అతని సొంత చెల్లెలు హుమ్నాబాద్‌లో పుట్టింట్లో, మూడేళ్ల కొడుకుతో ఉంటోంది. ఆమె జాన్సన్ భార్య.