గరువులంక జనాభా

"ఇక్కడ కాదండి, ఇంకాస్త ముందుకి. మా ఇల్లు ఇంకా రాలేదు," అంది పాపాయమ్మ.

ఉదయభాస్కర్ మాస్టారు కలం ఆపాడు. రెండువేల ఒకటి జనాభా లెక్కల్లో ఆయనకు గరువులంక పడింది. తొమ్మిదింటికి మొదలుపెడితే పదకొండుకి పద్నాలుగు ఇళ్లు అయ్యాయి. ఊరు ఊరంతా ఆయన వెంటే ఉంది.

"అచ్చిబాబు గారూ, మళ్లీ చెబుతున్నాను. మనిషి తన ఇంటి దగ్గర కనిపిస్తేనే రాస్తాను. ఇంకోచోట రాయమంటే నావల్ల కాదు."

"అలాగేనండి. ఎవరింటి దగ్గర వాళ్లనే చూపిస్తాం," అన్నాడు అచ్చిబాబు.

అచ్చిబాబు ఆ ఊరి వార్డు మెంబరు. ఇళ్ల దగ్గర మనుషులు లేకపోతే జనం లేని ఊరని రాసి, పేరు కొట్టేసి, పక్క ఊళ్లో కలిపేస్తామని నెల కిందటే మండలాఫీసులో చెప్పారు. పేరు పోతే ఆ పేరు మీదున్న పట్టాలు చిత్తుకాగితాలే. అచ్చిబాబుకు ఎకరం పావు పట్టా ఉంది. ఊళ్లో సగం మంది తణుకు వైపు చెరకు నరకడానికి పోతారు, మిగతావాళ్లు చేపల వేటకు పోతారు. ఆ రోజు ఆయన ఎవరినీ పనికి కదలనివ్వలేదు.

"మీ ఇల్లెక్కడో మీకు తెలియదా అమ్మా?" అన్నాడు మాస్టారు.

"కాపురానికొచ్చిన ఇల్లండి, తెలియకపోవడమేంటి? ఒరే సత్తియ్యా, చూడరా."

సత్తియ్య చేపలు పట్టేవాడు. ఒక కన్ను మూసి, అవతలి గట్టు మీది నీళ్ల ట్యాంకునూ ఇటుక బట్టీ గొట్టాన్నీ ఒక వరసలోకి తెచ్చుకున్నాడు.

"ఇదేనండి పాపాయమ్మ పిన్ని గుమ్మం."

"గోడలు?"

"మట్టివండి," అంది పాపాయమ్మ.

"పైకప్పు?"

"తాటాకండి."

"నీటి సదుపాయం?"

"దానికేం కొదవండి!"

"ఇంట్లో ఎంతమంది?"

"నేనొక్కదాన్నే. పిల్లి ఉండేది."

"పిల్లిని రాయరమ్మా."

తరవాత సత్తియ్య తన ఇల్లు చూపించాడు. మాస్టారు నంబరు వేయబోతుంటే వెనక నుంచి మరిడమ్మ లేచింది.

"ఆగండి మాస్టారూ! అది మా పాకండి. ఈ బావ ఎప్పుడూ ఇంతే, జానెడు జానెడు మా జాగాలోకి వచ్చేస్తాడు."

"మన మధ్య దడి ఎక్కడుందో నాకు తెలీదేంటి?"

"ఏదీ, చూపించు దడి!"

"అది పీకింది నేనా? ఎవరు పీకారో ఊరందరికీ తెలుసు!"

"మీ తగువు పంచాయతీలో తేలుద్దాం," అన్నాడు అచ్చిబాబు. "ముందు పంచాయతీ అంటూ మిగలనివ్వండి."

మాస్టారు అచ్చిబాబు వైపు చూశాడు. అచ్చిబాబు మరిడమ్మ వైపు చూశాడు. మరిడమ్మ రెండు బారల జాగా వదులుకుని కూర్చుంది.

ఒంటిగంటకు ఇరవై రెండు ఇళ్లు, డెబ్బై ఒక్క మంది తేలారు.

"ఊరి హద్దులు చెప్పండి. ఉత్తరం?"

"గోదావరండి," అన్నాడు అచ్చిబాబు.

"దక్షిణం?"

"గోదావరే."

"తూర్పు, పడమర?"

"అటూ ఇటూ ఆవిడేనండి."

'అందరినీ వారి వారి ఇళ్ల దగ్గరే లెక్కించాను' అని మాస్టారు అడుగున రాశాడు. సంతకం పెట్టబోయి ఆగాడు.

"ఏంటండి మాస్టారూ?" అన్నాడు అచ్చిబాబు.

"రేపు పైనుంచి తనిఖీకి వస్తారు. ఇంతసేపూ మీ మాట మీదే రాశాను. ఊరు ఇదేనని నాకూ ఒక్కసారి రుజువు చూపించండి, సంతకం పెట్టేస్తాను."

అచ్చిబాబు పడవ నడిపే గెడ నీళ్లలోకి దించాడు. మూడు బారల లోతున ఊరు తగిలింది.