పాటలో ఖాళీలు

పాట సగంలో ఉండగానే కుముదవల్లి రికార్డు మీది ముల్లు ఎత్తేసింది.

"ఇది నా పాట కాదు నాయనా."

ఆ నమూనా రికార్డు తెచ్చిన చక్రధర్ కంగారుగా ఆమె వైపు చూశాడు. చెన్నైలో అతను పనిచేసేదొక చిన్న రికార్డుల కంపెనీ. ముప్పయ్యేళ్ల కిందట ఈమె చేసిన రెండు క్యాసెట్లను ఇప్పుడు ఒకే రికార్డుగా మళ్లీ తెస్తోంది. ఈమె సరేనంటేనే వాళ్లు వేస్తారు. లేదంటే ఏడాదిగా అతను పడ్డ పాట్లు గంగపాలే.

ఆ క్యాసెట్లు వచ్చినప్పుడు ఈ తిరుచానూరులో నవ్వనివాళ్లు లేరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మోత, పూలమ్మేవాళ్ల కేకలు, కీబోర్డు, వాటి నడుమ ఈమె గొంతు. ఇదేం పాటని ఈసడించినవాళ్ల మనవలే ఇప్పుడు వాటిని ఫోన్లలో వెతుక్కుని వింటున్నారు. అందరూ ఎక్కువగా మెచ్చేది ఖాళీలను. ఆమె ఒక వరుస పాడి ఊరుకుంటుంది. కాసేపు తాళం మాత్రమే నడుస్తుంది. ఆ మౌనం గొప్ప ప్రయోగమని వ్యాసాలు కూడా వచ్చాయి.

"అవి తగ్గిస్తేనే అన్నీ ఒక్క రికార్డులో పడతాయమ్మా. మీరు పాడింది ఒక్క అక్షరం తీయలేదు."

"తీయగూడనిదే తీసినావు."

"పోనీ, కొన్ని ఖాళీలు ఉంచి వాటిలో ఇంకో గొంతు పెడదామా? మంచి గాయని ఉంది."

కుముదవల్లి చూసిన చూపుకు అతను కాఫీ గ్లాసులోకి తల దించేశాడు.

చంద్రగిరి నుంచి వచ్చిన ఆమె చెల్లెలు వేదశ్రీ గుమ్మం దగ్గర కూర్చుని పూలు కడుతోంది. "తీసేయనీలే అక్కా. ఇప్పుడెవురు అడగొచ్చినారు?" అంది.

"నువ్వు గమ్మునుండు."

చక్రధర్ ఆశగా చెల్లెలి వైపు తిరిగాడు. "మీరూ ఈ పాటలు విన్నారామ్మా?"

"పెండ్లి కుదరకముందు ఇన్నాను. మా అత్తగారింట్లో ఇట్లాంటివి పడవు."

ఈమెకు పాటలంటే చుక్కెదురని అతను తేల్చేసుకున్నాడు.

అంతలో కుముదవల్లి భర్త శేషసాయి నామం పెట్టుకుని గోష్ఠికి బయల్దేరాడు. గుడిలో రెండు వరసలుగా కూర్చుని పాశురాలు చెప్పేవాళ్లలో ఆయనొకరు.

"ఈపొద్దు మా వరసలో మనుషులే లేరు," అని గొణిగాడు.

"అవతలి వరసవాళ్లే అంతా చెప్పేయొచ్చుగా సార్?" అన్నాడు చక్రధర్, ఊరికే ఉండలేక.

"అదెట్ల కుదురుతాదప్పా? వాళ్లొక పాదం, మేమొక పాదం. ఎవరిది వాళ్లే చెప్పల్ల," అంటూ ఆయన మెట్లు దిగాడు.

కుముదవల్లి చక్రధర్ వైపు తిరిగింది. "ఈ రికార్డు బయటికి రాకపోయినా నాకు దిగులు లేదు. ఖాళీలు పోతే మాత్రం నేను ఒప్పుకోను."

చక్రధర్‌కు సిగ్గేసింది. వసారాలోకి వెళ్లి చెన్నైకి ఫోను చేసి, తమిళంలో కాసేపు పోట్లాడి, కాసేపు బతిమాలి తిరిగొచ్చాడు.

"రెండు రికార్డులుగా వేస్తారమ్మా. ఒక్క ఖాళీ కూడా పోదు."

"చల్లగా ఉండు నాయనా."

పాటను ఉన్నదున్నట్టు ఉంచిన నమూనా కూడా అతని సంచిలో ఉంది. తీసి పెట్టాడు. పడుచు కుముదవల్లి గొంతు గదంతా పలికి, ఒక వరుస ముగించి ఆగింది. తాళం నడుస్తోంది. వ్యాసాలకెక్కిన ఆ మౌనాన్ని తనివితీరా అనుభవిద్దామని చక్రధర్ కళ్లు మూసుకున్నాడు.

పూలు పక్కన పెట్టి, వేదశ్రీ తన వంతు పాడింది.