ఎనిమిదో పెట్టె

"నీ మాటే ఫైనలమ్మా" అని ఓనర్ ఫోన్ చేసినప్పుడు నేనూ మా ఆయన ప్రసాదూ ఒకే ప్లేటులో బజ్జీలు తింటున్నాం. ఫిషింగ్ హార్బర్‌లోని మా ఐస్ ప్లాంటులో అలారాలనీ కంప్యూటర్లనీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ పెట్టెలకు, పాడైతే కంపెనీ వాళ్లే బాగుచేసేలా సపోర్ట్ కాంట్రాక్టు కొనాలా వద్దా అన్నది నేనే తేల్చాలట. స్విచ్ పాడైతే చల్లగదుల అలారం మోగదు, చేపలన్నీ కుళ్లిపోతాయి. పెళ్లయిన నెలకే ఇంకో శుభవార్త, ఓనర్‌కి నా మీద ఇంత నమ్మకం! సంబరం ఆగక, స్విచ్‌లు లెక్క చూసుకుందామని ఆ రాత్రే ఇద్దరం బైకెక్కి ప్లాంటుకెళ్లాం.

లిస్టులో ఏడు స్విచ్‌లున్నాయి. ఏడూ కనిపించాయి. వాచ్‌మన్ వరహాలు ఆయుధపూజకు పెట్టిన బొట్లు వాటి మీద ఎండి రాలిపోతున్నాయి.

వాడకం మానేసిన పాత గది తలుపు తీసి ఉంది. లోపల ఎనిమిదో పెట్టె. పచ్చ లైటు వెలుగుతోంది.

"ఇదేటి, లిస్టులో ఎయ్యలేదేటి?" అన్నాడు ప్రసాద్.

"ఇది చెడిపోయి రెండేళ్లయింది." దాని వెనక వైపు చూశాను. అలారం కేబుల్ దానికే పెట్టి ఉంది. కరెంటు వైరు మాత్రం లేదు.

"దెయ్యాలకీ వైఫై కావాలేటే!"

నవ్వాను. దాని మీదా బొట్టుంది. ముట్టుకుంటే వేలికి అంటింది. ఇంకా తడిగా ఉంది.

ఆ పెట్టెకి బొట్టు నువ్వే పెట్టావా అని బయట వరహాలుని అడిగాను.

"ఆ గదిలోకి నానెప్పుడూ ఎల్నేదమ్మా. తాళం తీత్తే కదా! రెండేళ్లుగా ఏసే ఉంది."

ప్రసాద్ నవ్వడం మానేశాడు. మా వెనక ఎక్కడో తాళం పడిన చప్పుడైంది.

రేపు పొద్దున్నే కాంట్రాక్టు మీద సంతకం పెడతాను. ఏడు పెట్టెలకు కాదు, ఎనిమిదింటికీ.