నాచు మేసే చేపలు

“మందులెందుకు, మనుషులెందుకు అత్తయ్యగారూ? నాచు తినే చేపలుండగా!” అంటూ చిన్నల్లుడు బకెట్టు దించాడు. లోపల నల్లటి పిల్లలు గిలగిల్లాడుతున్నాయి.

చిత్తడినేల పక్కన అత్తగారికి లాడ్జి ఉంది. పక్షుల్ని చూడ్డానికి వచ్చినవాళ్లు పెరటి కొలనులో పేరుకున్న నాచుని చూసి, ముక్కు మూసుకుని, గదులు ఖాళీ చేసి పోతున్నారు. కొలను బాగుచేసిన అల్లుడికే లాడ్జి తాళాలని ఆవిడ తేల్చి చెప్పింది.

“ఎక్కడివి ఇవి?” అందావిడ.

“మేలుజాతివి. ఎక్కడపడితే అక్కడ దొరకవు.”

నిజమే, రోడ్డు పక్క గుంట దాకా వెళ్లాలి. చిన్నల్లుడికి రాని విద్య లేదు, ఉద్యోగం చెయ్యడం తప్ప.

“వారం తిరక్కుండా చచ్చి తేలతాయి,” అన్నాడు మందుల డబ్బాతో సిద్ధంగా ఉన్న పెద్దల్లుడు.

తేలలేదు సరికదా, రాళ్లకి పట్టిన నాచంతా గీకి గీకి తినేశాయి. కొలను అడుగు కనిపించింది. గదులు నిండాయి. పెళ్లయ్యాక మొగుడి మాట నిజం కావడం ఇదే మొదలు కాబట్టి చిన్నకూతురు సంతోషం పట్టలేక ఏడ్చేసింది. చిన్నల్లుడు అతిథుల్ని కూర్చోబెట్టి చేపల వంశచరిత్ర చెప్పడం మొదలుపెట్టాడు. వద్దన్నా చెప్పేవాడు.

“ఏమోయ్, రెండ్రోజులుగా నీ చేపలు నాచు ముట్టడం లేదే?” అన్నాడు పెద్దల్లుడు.

“మేలుజాతి కదా అన్నయ్యా, మితాహారం.”

“మాటిమాటికీ పైకొచ్చి గాలి పీలుస్తున్నాయేం?”

“అతిథుల్ని పలకరిస్తున్నాయి. ఆ మర్యాద మనుషులకి కూడా ఉంటే ఎంత బాగుండు!”

పెద్దల్లుడు డబ్బా చంకన పెట్టుకుని లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం అత్తగారు అతిథులందరినీ పిలిచి, కొలను గట్టున కుర్చీ వేయించుకుని కూర్చుంది. బొడ్లోంచి తాళాలగుత్తి తీసింది.

“చిన్నల్లుడుగారిని నేనే తక్కువ అంచనా వేశాను. చేపల గురించి ఆయనకి తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలీదు. ఇకనుంచి లాడ్జి ఆయనదే.”

అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నకూతురు కళ్లొత్తుకుంది. చిన్నల్లుడు ఎక్కడలేని వినయం తెచ్చుకుని, వంగి రెండు చేతులూ చాపాడు.

అంతలో చేప ఒకటి గట్టెక్కి, ఒక్క గెంతు గెంతి, అత్తగారి ఒళ్లో కూర్చుంది.